కాన్పు పునర్జన్మ కానక్కరలేదు

(జాతీయ సురక్షిత మాతృత్వ దినం సందర్భంగా జరిగిన సంఘ సభ్యుల సమావేశంలో, వైద్య ఆరోగ్యశాఖలో పనిచేసి పదవీ విరమణ చేసిన ఒక సభ్యురాలి ప్రసంగ పాఠం)



పెన్షన్ గురించి, కరువు భత్యం బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడుకునే మన సభలో కాన్పుల గురించి మాట్లాడమని కార్యదర్శి గారు అడిగినప్పుడు కొంచెం సందేహించాను. మనమంతా తాతలు, అమ్మమ్మలు, నాయనమ్మలు అయినవాళ్ళం. ఈ వయసులో మనకెందుకీ విషయం అని ఎవరికైనా అనిపించవచ్చు. అయితే పల్లెటూళ్ళలో కడుపుతో ఉన్న పిల్లను ఆసుపత్రికి ఎప్పుడు తీసుకువెళ్ళాలో తేల్చేది ఆ పిల్ల కాదు, మన వయసు వాళ్ళే. కాబట్టి ఈ మాటలు ముందుగా మనమే వినాలని ఒప్పుకున్నాను.

ఏప్రిల్ 11 కస్తూరిబా గాంధీ జన్మదినం. ఆమె 1869లో పుట్టారు. 2003 నుంచి ఆ రోజును మన దేశంలో జాతీయ సురక్షిత మాతృత్వ దినంగా పాటిస్తున్నారు. నేను 1979లో ఎ.ఎన్.ఎం.గా ఉద్యోగంలో చేరి, 2012లో సూపర్‌వైజరుగా రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం మాచర్ల, దుర్గి, వెల్దుర్తి, కారెంపూడి వైపే గడిచింది. అప్పట్లో అది గుంటూరు జిల్లా. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. జిల్లా కేంద్రం దగ్గరైంది. ఆసుపత్రికి పోవాలన్న ఆలోచన కూడా అంతే దగ్గరైందా అన్నదే ఈనాటి ప్రశ్న.

మాతృమరణం అంటే ఏమిటి?

గర్భంతో ఉన్నప్పుడు గాని, కాన్పులో గాని, కాన్పు అయిన లేదా గర్భం పోయిన 42 రోజులలోపు గాని, ఆ గర్భానికి సంబంధించిన కారణంతో స్త్రీ చనిపోతే దానిని మాతృమరణం అంటారు. ప్రాణంతో పుట్టిన ప్రతి లక్ష మంది బిడ్డలకు ఎంతమంది తల్లులు పోయారన్నది లెక్క.

నమూనా నమోదు సర్వే ప్రకారం 2001-03లో మన దేశంలో ఆ సంఖ్య 301. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 195. 2018-20 నాటికి దేశంలో 97కు, విభజన తరువాతి ఆంధ్రప్రదేశ్‌లో 45కు తగ్గింది. 2030 నాటికి 70 లోపుకు తేవాలని ప్రపంచ దేశాలు పెట్టుకున్న గురిని మన రాష్ట్రం ముందుగానే దాటింది. ఇందులో ఎండలో, వానలో తిరిగిన ఎ.ఎన్.ఎం.ల కష్టం ఉంది, ఆశా కార్యకర్తల కష్టం ఉంది. అందుకు సంతోషించవలసిందే. కాని అదే 2018-20లో కేరళ సంఖ్య 19. అంటే మన దగ్గర పోతున్న తల్లులలో సగానికి పైగా పోనక్కరలేని వాళ్ళే. ప్రపంచం మొత్తం మీద 2023లో సుమారు 2,60,000 మంది తల్లులు ఇలా పోయారని ఐక్యరాజ్యసమితి సంస్థల అంచనా. రోజుకు 700 మందికి పైనే.

ఊరికి ఎందుకు కనిపించదు?

ఇక్కడ ఒక చిన్న లెక్క చెబుతాను. మనలో ట్రెజరీ వాళ్ళు, అకౌంట్స్ వాళ్ళు ఉన్నారు, సరిచూసుకోండి. ఏడాదికి 80 కాన్పులు జరిగే గ్రామం ఒకటి తీసుకుందాం. లక్షకు 195 లెక్కన ఆ ఊళ్ళో ఆరేడేళ్ళకు ఒక తల్లి పోతుంది. లక్షకు 45 లెక్కన సుమారు 28 ఏళ్ళకు ఒకరు పోతారు. ఆరేడేళ్ళకు ఒకసారి జరిగేదాన్ని ఊరు "దాని రాత అంతే" అంటుంది. పాతికేళ్ళకు ఒకసారి జరిగేదాన్ని అసలు గుర్తే పెట్టుకోదు. అదే 15 ఊళ్ళ లెక్క కలిపి చూస్తే 2018-20 నాటి రేటులో కూడా రెండేళ్ళకు ఒక తల్లి పోతున్నట్టు తేలుతుంది. ప్రమాదం ఊరి కంటికి ఆనదు, రిజిస్టరులో మాత్రమే కనపడుతుంది. అవగాహన అని మనం అనేది అందుకే పని గట్టుకుని కలిగించవలసి వస్తుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెద్దమ్మ నాతో వాదించింది. "నేను ఏడుగురిని కన్నానమ్మా. పొద్దున కలుపు తీసి, మధ్యాహ్నానికి బిడ్డను కన్నా. ఏనాడన్నా మీ మాత్రలు మింగానా?" అంది. "పెద్దమ్మా, నువ్వు బతికి ఉన్నావు కాబట్టి చెబుతున్నావు. నీతోపాటు ఈ ఊరికి కాపురానికొచ్చిన వాళ్ళలో కాన్పులో పోయినవాళ్ళు లేరా?" అని అడిగాను. కాసేపు ఆలోచించి వేళ్ళు మడిచింది. ముగ్గురి పేర్లు చెప్పింది. ఆ తరువాత ఆమే తన కోడలిని సబ్‌సెంటరుకు పంపింది. బతికినవాళ్ళు తమ కథ చెప్పుకుంటారు, పోయినవాళ్ళ తరఫున ఎవరు చెబుతారు?

"కాన్పు ఆడదానికి పునర్జన్మ" అని మన సామెత. అంటే ఆడవాళ్ళకు ప్రమాదం తెలియదనడం సరికాదు, తరతరాలుగా తెలుసు. అయితే దాన్ని తప్పించవచ్చునని తెలియలేదు. ముత్తైదువగా పోయిన ఇల్లాలిని పేరంటాలుగా కొలిచి చీర, పసుపు కుంకుమలు పెట్టే ఆచారం మన ప్రాంతంలో ఉంది. పోయిన తరువాత చేసే ఆ మర్యాదలో సగమైనా బతికి ఉండగా దక్కితే చాలామందికి పేరంటాలయ్యే అవసరమే రాదు.

మూడు ఆలస్యాలు

సెరీన్ థాడియస్, డెబొరా మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు 1994లో ఒక మంచి మాట చెప్పారు. తల్లి ప్రాణం తీసేవి మూడు ఆలస్యాలు. మొదటిది ఆసుపత్రికి పోవాలని నిర్ణయించుకోవడంలో. రెండవది అక్కడికి చేరడంలో. మూడవది చేరిన తరువాత సరైన వైద్యం అందడంలో.

వాళ్ళు ఈ మాట రాయకముందే, 1980లలో, ఈ మూడూ ఒకే ఇంట్లో చూశాను. కొండ దాపున ఒక తండా. తొలి చూలు పిల్ల, ఎనిమిదో నెల. ముఖం, చేతులు నీరు పట్టాయి. రెండు రోజులుగా తలనొప్పి, కళ్ళు మసకలు. దిష్టి తగిలిందని తాయెత్తు కట్టించారు. భర్త మిరప కోతలకు పొరుగూరు పోయి ఉన్నాడు, అతను రానిదే ఎవరూ కదలలేదు. మూడో రోజు తెల్లవారుజామున ఫిట్స్ వచ్చాయి. దానినే మన పల్లెల్లో గుర్రపువాతం అంటారు. ట్రాక్టరు దొరికేసరికి ఎండెక్కింది. మొదట చేర్చిన ఆసుపత్రిలో తగిన వసతి లేదని గుంటూరు పొమ్మన్నారు. మాచర్ల సీమ నుంచి గుంటూరు నూరు కిలోమీటర్లకు పైమాటే. ఆ పిల్ల దారిలోనే పోయింది. అప్పటికి ఆ పిల్లకు పద్ధెనిమిదేళ్ళు కూడా నిండలేదు.

ఇప్పుడు చూడండి. రెండవ ఆలస్యం చాలావరకు తగ్గింది. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో 108 మొదలైంది. అదే ఏడాది జననీ సురక్ష యోజన, 2011లో తల్లికీ పసిబిడ్డకూ ప్రభుత్వ ఆసుపత్రిలో అన్నీ ఉచితంగా ఇచ్చే జననీ శిశు సురక్ష కార్యక్రమం వచ్చాయి. 1992-93 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి రాష్ట్రంలో మూడింట ఒక వంతు కాన్పులే ఆసుపత్రుల్లో జరిగేవి. 2019-21 సర్వే నాటికి అది 96.5 శాతం. మూడవ ఆలస్యాన్ని తగ్గించవలసింది ప్రభుత్వం. డాక్టరు పోస్టు ఖాళీగా ఉంటే, రక్తనిధి లేకపోతే అడగడం మన హక్కు. మొదటి ఆలస్యం మాత్రం ఇంటి గడప లోపలిది. దానికి జి.వో. రాదు.

ప్రాణం తీసేవి ఏవి?

2001-03 సర్వేలో మన దేశంలో మాతృమరణాలకు మొదటి కారణం రక్తస్రావం, 38 శాతం. సూతికా జ్వరం 11 శాతం, గర్భస్రావాలు 8 శాతం, బి.పి. సంబంధమైనవి 5 శాతం, బిడ్డ అడ్డం తిరగడం వంటి కష్ట ప్రసవాలు 5 శాతం. మిగిలినవి రక్తహీనత, గుండె జబ్బులు మొదలైన ఇతర కారణాలు.

రక్తస్రావం గురించి వివరంగా చెప్పాలి. కాన్పు కాగానే గర్భసంచి గట్టిగా ముడుచుకోవాలి. అది ముడుచుకుంటేనే మాయ ఊడిన చోట రక్తనాళాలు మూసుకుంటాయి. ముడుచుకోకపోతే కుళాయి తిప్పినట్టు రక్తం పోతుంది. రెండు గంటలలోనే ప్రాణం పోవచ్చు. ఆసుపత్రిలో ఆక్సిటోసిన్ అనే చిన్న ఇంజక్షను ఇస్తారు, గర్భసంచి ముడుచుకుంటుంది. ఆసుపత్రిలో కాన్పు కావాలనడానికి మొదటి కారణం ఆ ఇంజక్షను, ఆ తరువాత చూసే మనిషి. బిడ్డను గంటలోపు తల్లి రొమ్ముకు పట్టిస్తే కూడా గర్భసంచి ముడుచుకోవడానికి సాయమవుతుంది. ముర్రుపాలు పిండి పారబోసి, తేనె, ఆముదం నాకించే అలవాటు వల్ల బిడ్డకూ నష్టమే, తల్లికీ నష్టమే.

అదే రక్తస్రావం ఒకరిని చంపి మరొకరిని ఎందుకు వదిలేస్తుంది? ఒంట్లో రక్తం ఉన్న మనిషి కొంత పోయినా తట్టుకుంటుంది. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాములు ఉండాలి. 7 కన్నా తక్కువైతే తీవ్రమైన రక్తహీనత. అలాంటి తల్లి మామూలు కాన్పులో పోయే రక్తానికే కుప్పకూలుతుంది. 2019-21 సర్వేలో మన రాష్ట్రంలో గర్భిణులలో 53.7 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. మరణాలు ఇంతగా తగ్గినా ఈ అంకె సగానికి పైనే ఉంది. నా దృష్టిలో ఇదే మనందరికీ సిగ్గుచేటైన విషయం.

ఐరన్ మాత్రలు 180 రోజులు వేసుకోవాలి. ఇస్తున్నారు, తీసుకుంటున్నారు, చూరులో దాస్తున్నారు. మాత్రలు మింగితే బిడ్డ నల్లగా పుడుతుందని, లావై కాన్పు కష్టమవుతుందని భయం. విరేచనం నల్లగా కావడం చూసి ఆ భయం ఇంకా పెరుగుతుంది. అది ఇనుము రంగు, బిడ్డ రంగుకు దానికీ సంబంధం లేదు. అన్నం తిన్నాక నిమ్మకాయ నీళ్ళతో గాని, జామకాయ తిని గాని వేసుకుంటే ఒంటికి బాగా పడుతుంది. టీ తో మింగితే సగం వృథా.

బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టించిన సీమ మనది. అన్ని కులాలవారిని ఒక్క చాప మీద కూర్చోబెట్టిన కథ గొప్పగా చెప్పుకుంటాం. కాని మన ఇళ్ళలో కడుపుతో ఉన్న కోడలు ఇప్పటికీ అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది తింటుంది. అంగన్‌వాడీ నుంచి వచ్చిన గుడ్లు, పాలు ఇంటిల్లిపాదీ పంచుకుంటే ఆ పిల్లకు మిగిలేదెంత?

ఇక సూతికా జ్వరం. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, కాన్పు చేసేవారు క్లోరిన్ నీళ్ళతో చేతులు కడుక్కుంటే తల్లుల చావులు అమాంతం తగ్గడం గమనించాడు. తోటి డాక్టర్లు ఆయన మాట నమ్మలేదు. మన మంత్రసానుల చేత చేతులు కడిగించడానికి మేము పడిన పాట్లు తలుచుకుంటే నాకు ఆయనే గుర్తొస్తాడు. మంత్రసానులను తక్కువ చేసి మాట్లాడను. రాత్రీ పగలూ అనకుండా వచ్చి నిలిచింది వాళ్ళే. శిక్షణ ఇచ్చాక సబ్బు, కొత్త బ్లేడు, శుభ్రమైన దారం వాడడం నేర్చుకున్నారు. ఇప్పుడు కాన్పులు ఆసుపత్రికి మారాయి, కాని బాలింతరాలి శుభ్రత ఇంట్లోనే ఉంది. చీకటి గది, పాత గుడ్డలు, మంచినీళ్ళు కొలిచి ఇచ్చే పథ్యం ఇంకా కొన్ని ఇళ్ళలో పోలేదు.

గర్భస్రావం గురించి మన సభల్లో మాట్లాడరు. 1971 చట్టం ప్రకారం నిర్ణీత పరిస్థితుల్లో, అర్హత గల డాక్టరు చేత గర్భం తీయించుకోవడం నేరం కాదు. 2021లో ఆ చట్టాన్ని ఇంకా విస్తరించారు. అది తెలియక, పరువుకు భయపడి, నాటు మందులకు, మందుల షాపు మాత్రలకు పోయి ప్రాణం మీదికి తెచ్చుకుంటున్నారు. పరువు కోసం దాచిన సంగతి శ్మశానం దాకా తీసుకుపోతుందని పెద్దవాళ్ళం మనమే చెప్పాలి.

పల్నాటిలో ప్రత్యేకంగా చూడవలసినవి

మొదటిది, పెళ్ళి వయసు. 2019-21 సర్వేలో మన రాష్ట్రంలో 20-24 ఏళ్ళ స్త్రీలలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్ళయిందని తేలింది. ఎముకలు ఎదగని పిల్లకు కాన్పు కష్టం, గుర్రపువాతం భయమూ ఎక్కువ. పెళ్ళి పత్రికలు ముందుగా మన ఇళ్ళకే వస్తాయి. పెద్దమనుషులుగా మనల్నే పిలుస్తారు. అక్షింతలు వేసే ముందు పిల్ల పుట్టిన తేదీ అడిగితే తప్పేమీ లేదు.

రెండవది, పుట్టింటి కాన్పు. అత్తవారి ఊళ్ళో పేరు నమోదవుతుంది, ఏడో నెలలో పుట్టింటికి పోతుంది. ఈ ఎ.ఎన్.ఎం. వెళ్ళిపోయిందనుకుంటుంది, ఆ ఎ.ఎన్.ఎం.కు వచ్చినట్టు తెలియదు. మధ్యలో బి.పి. చూసేవాళ్ళే ఉండరు. సీమంతం పళ్ళెంలో గాజులతోపాటు తల్లీబిడ్డల కార్డు కూడా పెట్టి పంపమని నేను ప్రతి ఇంట్లో చెప్పేదాన్ని.

మూడవది, వలస. మిరప కోతలకు ఇతర జిల్లాల నుంచి కుటుంబాలు పల్నాటికి వచ్చి చేల పక్కన గుడిసెలు వేసుకుంటాయి. వాళ్ళలో గర్భిణులూ ఉంటారు. ఎవరి జాబితాలోనూ లేరు. పొలం ఉన్న మన సభ్యులు తమ చేలో పనికి వచ్చిన గర్భిణి సంగతి ఆశాకు ఒక్క ఫోను చేసి చెబితే చాలు. అలాగే వెల్దుర్తి, బొల్లాపల్లి, దుర్గి వైపు తండాలు, చెంచు గూడేలు రోడ్డుకు దూరం. అక్కడ కాన్పు తేదీకి వారం ముందే ఆసుపత్రి ఉన్న ఊరికి చేర్చాలి.

నాలుగవది, ఆపరేషన్లు. రాష్ట్రంలో కాన్పులలో 42.4 శాతం సిజేరియన్లని అదే సర్వే చెప్పింది. అవసరమైన చోట ఆపరేషను ప్రాణదానం. అయితే 10 శాతం దాటాక ఆపరేషన్లు పెరిగినంత మాత్రాన తల్లుల మరణాలు తగ్గవని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. ముహూర్తం చూసి కోయించుకోవడం అవగాహన అనిపించుకోదు.

ప్రతి మరణానికీ లెక్క

ఇంగ్లండులో 1952 నుంచి ప్రతి తల్లి మరణాన్నీ రహస్యంగా విచారించి, ఎవరినీ శిక్షించకుండా, పాఠం నేర్చుకునే పద్ధతి పెట్టారు. కేరళలో స్త్రీవైద్యుల సంఘం 2004లో అదే మొదలుపెట్టింది. మన దగ్గర కూడా మాతృమరణంపై విచారణ జరపాలన్న నియమం ఉంది. కాని ఇంటివాళ్ళు భయపడి "గుండె ఆగిపోయింది" అంటారు. నిజం చెబితే పోయిన పిల్ల తిరిగి రాదు, నిజమే. మరో ఇంటి పిల్ల మిగులుతుంది. ఆ మాట చెప్పి ఒప్పించగలిగేది పరాయి అధికారి కాదు, ఊళ్ళో నలుగురూ నమ్మే మనలాంటివాళ్ళు.

మనం చేయగలిగినవి

1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్ భాష తెలియని దేశంలో పని మొదలుపెట్టి, 1898 నాటికి స్త్రీల కోసం ఆసుపత్రి తెరిపించారు. అది నేటికీ కుగ్లర్ ఆసుపత్రిగానే జనానికి తెలుసు. మనకు భాష తెలుసు, ఊరు తెలుసు, నెల మొదట్లో పెన్షన్ వస్తుంది. మనం చేయగలిగినవి ఇవి:

1. మన వీధిలో నెల తప్పిన పిల్ల పేరు మూడు నెలలలోపు నమోదైందో లేదో కనుక్కోవడం. కనీసం నాలుగుసార్లు పరీక్షలు జరగాలి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు డాక్టరు పరీక్షలు 2016 నుంచి జరుగుతున్నాయి.

2. ప్రమాద సూచనలు కంఠతా ఉంచుకోవడం: గర్భంతో ఉండగా ఏ మాత్రం రక్తం కనిపించినా, తీవ్రమైన తలనొప్పి, కళ్ళు మసకలు, ముఖం చేతులు వాపు, ఫిట్స్, జ్వరం, ఆయాసం, బిడ్డ కదలిక తగ్గడం, నొప్పులు రాకముందే ఉమ్మనీరు పోవడం. కాన్పు తరువాత అరగంటలో మాయ పడకపోవడం, గుడ్డలు వెంటవెంటనే తడిసిపోవడం, దుర్వాసన. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా 108కు ఫోను, ఆ తరువాతే మగవాళ్ళకు కబురు.

3. రక్తం. ఆమె గ్రూపు ముందే కార్డులో రాయించాలి. మనకు 65 దాటాయి కాబట్టి ఇవ్వలేం. మన కొడుకులు, మనవలు ఇవ్వగలరు. రక్తమిస్తే నీరసించిపోతామని భార్యకే ఇవ్వని భర్తలను చూశాను. వాళ్ళకు ధైర్యం చెప్పాలి.

4. కాన్పయి ఇంటికి వచ్చాక 42 రోజులూ బాలింతను కనిపెట్టి ఉండడం. బిడ్డను చూడడానికి అందరూ వస్తారు. తల్లిని "ఎట్లా ఉన్నావమ్మా" అని అడిగేవాళ్ళు తక్కువ.

5. నిర్ణయం ఆ పిల్లకే వదలడం. "నాకు బాగాలేదు, ఆసుపత్రికి పోవాలి" అని ఆమె అన్నప్పుడు "ఆయన రానీ, వర్జ్యం పోనీ" అనకుండా బండి ఎక్కించడం. ఇది అన్నిటికన్నా చవకైనది, అన్నిటికన్నా కష్టమైనది.

మిత్రులారా, పల్నాడు అంటే వీరుల గడ్డ అంటారు. కారెంపూడిలో యుద్ధంలో పడినవారికి ఏటా ఉత్సవం చేస్తాం. మంచిదే. కాని బిడ్డను కనడానికి పోయి ఇంటికి తిరిగి రాని ఆడవాళ్ళ లెక్క ఏ గుడిలోనూ లేదు. రోజుకొక మంచి మాట వాట్సాప్‌లో పంపుకుంటున్నాం. ఈ నెల ఆ మాటకు బదులు, మీ వీధిలో కడుపుతో ఉన్న ఒక్క పిల్ల ఇంటికి వెళ్ళి ఆమె కార్డు అడిగి చదవండి. బి.పి. ఎంత, రక్తం ఎంత, కాన్పు తేదీ ఎప్పుడు. మూడు అంకెలే. జీవితమంతా ఫైళ్ళు చదివినవాళ్ళం, ఈ ఒక్క పేజీ చదవలేమా?

వచ్చే సమావేశంలో ఎవరెవరు ఎన్ని కార్డులు చూశారో చెప్పుకుందాం.